1911లో రెండు పుస్తకాలు: టీచర్ కావాలనుకునే మనవాళ్ళ కోసం



పోస్టు పెద్దదే. ఆదివారం మధ్యాహ్నం హాస్టల్లో కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడు టైం లేనోళ్ళు సేవ్ చేసుకుని రాత్రికి తీరిగ్గా చదవండి. డీఎస్సీకి చదివేవాళ్ళు, బీఎడ్ చేద్దామనుకునేవాళ్ళు మాత్రం ఆఖరిదాకా చదవండి.

నేను ఏలూరులో బీఏ హిస్టరీ మూడో సంవత్సరం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. పోయిన నెల మా లెక్చరర్ గారు పిలిచి ఒక ఫారం చేతిలో పెట్టారు. ముందు ముందు టీచర్లు కావాలనుకునే డిగ్రీ పిల్లలూ, బీఎడ్ పిల్లలూ కలిసి ఒక గౌరవ మండలిలా ఏర్పడుతున్నారంట. 75 శాతం మార్కులు దాటినోళ్ళకే పిలుపు. ఫీజు మూడొందలు. చేర్చుకునే కార్యక్రమం తాడేపల్లిగూడెంలో. నాకు 78 శాతం వచ్చింది కాబట్టి పిలిచారు. నిజం చెప్పాలంటే చాలా సంతోషం వేసింది. మనల్ని ఎవరైనా పిలిచి "నువ్వు బాగా చదివావు, రా" అనడం కొత్త కదా.

పేరు, ఊరు, మార్కులు అన్నీ నింపాను. ఆఖర్న ఒక గడి ఉంది. మీ గురించి, మీ కుటుంబం గురించి, టీచర్ ఎందుకు కావాలనుకుంటున్నారో రెండొందల మాటల్లో రాయాలి. అక్కడ పెన్ను ఆగిపోయింది. మూడేళ్ళుగా కాలేజీలో ఎవరైనా "మీరేవిట్లు?" అనడిగితే "ఎస్టీ" అని ఊరుకుంటున్నాను. ఎస్టీలో ఏంటి అని ఇంకా లాగితే మాట మార్చేస్తాను. మేము ఎరుకలోళ్ళం. ఆ మాట ఈ గ్రూపులో రాయడానిక్కూడా నాకు రెండేళ్ళు పట్టింది.

శనివారం ఊరెళ్ళి తాతకి చెప్పాను. మాది కొల్లేరు ఒడ్డు. అమ్మానాన్న చేపల చెరువు మీద కాపలా ఉంటారు. తాత ఇప్పటికీ బుట్టలు అల్లుతాడు. కొనేవాళ్ళే లేరు, చేపలన్నీ ప్లాస్టిక్ ట్రేల్లోకీ, థర్మాకోల్ పెట్టెల్లోకీ వెళ్ళిపోయాయి. ఫారం సంగతి చెప్తే తాత సంతోషపడతాడనుకున్నాను. ఆయన అల్లేది ఆపి అడిగాడు.

"పేరు రాసుకుంటారంటమ్మా? ఆ పుస్తకం ఎవళ్ళ దగ్గరుంటది?"

"అదేం కాదు తాతా, మంచి మార్కులొచ్చినోళ్ళ పేర్లు రాసే పుస్తకం అది."

"మా నాయన పేరు కూడా రాసుకున్నారు. వేలిముద్రలు కూడా ఏయించుకున్నారు. నువ్వు బాగా కనుక్కుని సంతకం పెట్టు."

తాత పుట్టేటప్పటికే ఆ పుస్తకం పోయింది. కానీ వాళ్ళ నాన్న చెప్పింది ఆయన మర్చిపోలేదు. ఆ మాట పట్టుకుని నేను వారం రోజులు లైబ్రరీలో కూర్చున్నాను. తెలిసింది మీకు చెప్తున్నాను.

గౌరవ మండలి అంటే ఏంటి

ముందు ఈ గౌరవ మండళ్ళు ఎక్కడ పుట్టాయో చూద్దాం. ఇది అమెరికా అలవాటు. అక్కడ 1776లో, ఆ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఏడాదే, విలియం అండ్ మేరీ కాలేజీ కుర్రాళ్ళు ఫై బీటా కప్పా అనే సంఘం పెట్టుకున్నారు. పేర్లు గ్రీకు అక్షరాలతో పెట్టుకోవడం అక్కడినుంచే వచ్చింది. తర్వాత తర్వాత అది బాగా చదివే పిల్లల్ని ఎంచి చేర్చుకునే సంఘం అయింది. మనం దరఖాస్తు పెట్టి చేరేది కాదు, వాళ్ళు పిలవాలి.

టీచర్ల కోసం అలాంటిది 1911లో వచ్చింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం బాగ్లీ అనే ఎడ్యుకేషన్ ప్రొఫెసరూ, ఆయనతో ఉన్నవాళ్ళూ కలిసి కప్పా డెల్టా పై అని పెట్టారు. ఎందుకు పెట్టారో అర్థం చేసుకోవాలంటే అప్పటి సంగతి తెలియాలి. డాక్టర్, లాయర్ అంటే పెద్ద చదువు. టీచర్ అంటే ఏదో నార్మల్ స్కూల్లో కొన్నాళ్ళు ట్రైనింగ్ అయి తక్కువ జీతానికి పనిచేసే మనిషి. యూనివర్సిటీలో పాఠం చెప్పడం గురించి చదవడం అప్పటికి కొత్త. టీచర్ పని కూడా గౌరవమైన చదువే, అందులోకి మంచి బుర్రలు రావాలి అని చెప్పడానికి ఈ సంఘం పనికొచ్చింది. తర్వాతి రోజుల్లో జాన్ డ్యూయీ, ఐన్‌స్టీన్ లాంటివాళ్ళని కూడా అందులో గౌరవంగా చేర్చుకున్నారు. అది ఇప్పటికీ ఉంది.

ఇక్కడిదాకా చదివితే బాగానే ఉంటుంది. కానీ ఎవరిని పిలిచారు, ఎవరిని పిలవలేదు అన్నది కూడా చూడాలి కదా. మొత్తంగా అమెరికా గౌరవ సంఘాల్లో చాలాకాలం నల్లజాతి పిల్లలకి చోటు దొరకడం కష్టం. ఫై బీటా కప్పా శాఖ నల్లజాతి వాళ్ళ కాలేజీలైన ఫిస్క్‌కీ, హోవర్డ్‌కీ వచ్చింది 1953లో. అంటే సంఘం పుట్టిన 177 ఏళ్ళకి. మరి అప్పటిదాకా వాళ్ళు ఏం చేశారు? ఊరికే కూర్చోలేదు. 1923లో జెర్సీ సిటీలో నల్లజాతి ఆడ టీచర్లు తమ కోసం తామే ఒక టీచర్ల సంఘం పెట్టుకున్నారు. పేరు నేషనల్ సొరారిటీ ఆఫ్ ఫై డెల్టా కప్పా. 1937లో టెనెసీలో నల్లజాతి కాలేజీల పిల్లల కోసం ఆల్ఫా కప్పా మ్యూ అనే గౌరవ సంఘం వచ్చింది. పిలవనప్పుడు వాళ్ళు సొంత పుస్తకం తెరిచారు, అందులో వాళ్ళ పిల్లల పేర్లు రాశారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, ఆఖర్న మళ్ళీ వస్తాను.

అదే 1911లో ఇక్కడ

ఇప్పుడు మన సంగతి. అదే 1911లో ఇక్కడ ఇంకో పుస్తకం తెరిచారు.

నేర జాతుల చట్టం మొదట 1871లో వచ్చింది. అప్పుడు అది ఉత్తరాదిన. 1911లో దాన్ని మార్చి దేశమంతటికీ తెచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీ కూడా దాని కిందికి వచ్చింది. అప్పుడు మన గోదావరి, కృష్ణా జిల్లాలన్నీ మద్రాసు కిందే. ఆ చట్టం ఎలా పనిచేసేదంటే, ప్రభుత్వం ఒక కులాన్నో తెగనో నేర జాతి అని ప్రకటిస్తే చాలు. నువ్వు తప్పు చేశావా లేదా అన్న ప్రశ్నే లేదు. పుట్టావంటే పేరు ఎక్కుతుంది. పేర్లు రాస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన టైముకి చెప్పినచోట హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చెప్పి వెళ్ళాలి. మా తాత వాళ్ళ నాన్న రాత్రిపూట నిద్ర లేచి మునసబు గారి వాకిట్లోకి పోయి నిలబడి "ఉన్నాను" అని చెప్పి వచ్చేవాడంట. వానాకాలం కొల్లేరు పొంగినప్పుడు కూడా.

ఇంకో సెక్షన్ ఉంది. టీచర్ కావాలనుకునేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. ఆ తెగల పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గరనుంచి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో పెట్టే అధికారం ఆ చట్టంలోనే రాసి ఉంది. ఆరేళ్ళు దాటిన పిల్లలనుంచి వర్తిస్తుంది. అంటే మనవాళ్ళలో కొంతమందికి బడి అనేది చదువుగా రాలేదు, శిక్షగా వచ్చింది. "బడికి పంపండి" అంటే మా మామ్మ తరంవాళ్ళు ఎందుకు బెదిరేవాళ్ళో నాకు ఇది చదివాకే అర్థమైంది. మేము వాళ్ళని "అమాయకులు, చదువు విలువ తెలీదు" అనుకునేవాళ్ళం. వాళ్ళకి తెలిసింది మనకి తెలీదు, అంతే.

బాపట్ల దగ్గరున్న స్టూవర్టుపురం పేరు అందరికీ తెలుసు. సినిమాల వల్ల ఇంకా తెలుసు. అది మనవాళ్ళు కట్టుకున్న ఊరు కాదు. ఈ చట్టం వచ్చాక సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చి పెట్టిన సెటిల్మెంటు. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. ఇప్పటికీ ఆ ఊరి పేరు చెప్తే జనం నవ్వుతారు. పేరు పెట్టింది ఎవరు, నవ్వించుకునేది ఎవరు, చూడండి.

అసలు మనవాళ్ళు ఏం పని చేసేవాళ్ళు? దబ్బ ఎరుకలోళ్ళు వెదురు దబ్బలతో బుట్టలు అల్లేవాళ్ళు. కరివేపాకు ఎరుకలోళ్ళు కరివేపాకు తెచ్చి అమ్మేవాళ్ళు. పరికముగ్గులోళ్ళు సోది చెప్పేవాళ్ళు. ఉప్పు ఎరుకలోళ్ళు సముద్రం ఒడ్డునుంచి ఉప్పు గాడిదల మీద, ఎడ్ల మీద ఎత్తుకుని లోపలి ఊళ్ళకి తీసుకుపోయి, బదులు ధాన్యం తెచ్చేవాళ్ళు. రోడ్లు లేని ఊళ్ళకి ఉప్పు అందించింది వీళ్ళే. తర్వాత ప్రభుత్వం ఉప్పు తన గుప్పిట్లో పెట్టుకుంది. రైలు వచ్చింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి వెదురు కొట్టాలన్నా, గాడిదలు మేపాలన్నా అడ్డం పడింది. మధ్యలో 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. బతుకుతెరువు పోయినోళ్ళు ఊరూరూ తిరిగారు. తిరిగేవాళ్ళని చూసి అనుమానపడ్డారు. అనుమానాన్ని చట్టం చేశారు. మీనా రాధాకృష్ణ గారు మద్రాసు ప్రెసిడెన్సీలో కొరవలు, ఎరుకలవాళ్ళ మీద 2001లో ఒక పుస్తకం రాశారు. ఉప్పు, రైలు, అడవి సంగతులన్నీ అందులో వివరంగా ఉన్నాయి. చరిత్ర చేతిలో గౌరవం పోగొట్టుకున్నవాళ్ళు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు దానికి. హిస్టరీ తీసుకున్నవాళ్ళు తప్పకుండా చదవండి.

ఆ చట్టం మద్రాసులో 1947లో పోయింది. దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారు, యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన ఆయన, ఈ చట్టం పోవాలని కొట్లాడినవాళ్ళలో ఒకరు. 1973లో ఆయనకి పద్మభూషణ్ ఇచ్చారు. చట్టం పోయినా అలవాటుగా నేరం చేసేవాళ్ళు అనే పేరుతో ఇంకో చట్టం వచ్చింది. అది వేరే కథ, ఇంకో పోస్టులో రాస్తాను.

నేను చెప్పేది ఇంతే. 1911లో అక్కడ టీచర్ కాబోయేవాళ్ళ పేర్లు గౌరవంగా ఒక పుస్తకంలో రాస్తుంటే, ఇక్కడ పుట్టిన పాపానికి మన పేర్లు ఇంకో పుస్తకంలో రాశారు. తాత భయం ఊరికే వచ్చింది కాదు.

మనలోంచి మొదటి టీచర్లు

మరి మనలోంచి టీచర్లు ఎప్పుడు వచ్చారు? దానికి ఆదిలాబాద్ వెళ్ళాలి. అది అప్పుడు నిజాం రాజ్యం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం పోరాడి చనిపోయాక, గోండుల కష్టం ఏంటో చూడమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడికి చెప్పింది. ఆయన మన గోదావరి వాళ్ళకి కొత్తవాడు కాదు. అంతకుముందు పాపికొండల వైపు కొండరెడ్ల మధ్య ఉండి చదువు చేసి, 1945లో పుస్తకం అచ్చు వేశాడు. పోలవరం, బుట్టాయిగూడెం వైపు కొండరెడ్డి తమ్ముళ్ళు ఈ గ్రూపులో ఉంటే మీ తాతల సంగతి అందులో దొరుకుతుంది.

ఆదిలాబాద్‌లో ఆయనకి అర్థమైంది ఏంటంటే, బయటినుంచి వచ్చిన టీచరు గోండు ఊళ్ళో నిలబడడు, నిలబడినా పిల్లలకి ఆయన మాట అర్థం కాదు. అందుకని 1943లో మార్లవాయి అనే గోండు ఊళ్ళో టీచర్ ట్రైనింగ్ కేంద్రం పెట్టారు. గోండు యువకులకే శిక్షణ ఇచ్చి గోండు ఊళ్ళలో టీచర్లుగా పంపారు. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారుచేశారు. ఆ కుర్రాళ్ళలో ఎవరూ 75 శాతం మార్కులోళ్ళు కాదు. చాలామందికి సరైన బడే లేదు. వాళ్ళ దగ్గర ఉన్నది ఊరి భాష, ఊరి నమ్మకం. నా దృష్టిలో మన నేల మీద గిరిజన టీచర్ల మొదటి గౌరవ మండలి అదే. మెడల్ లేదు, గ్రీకు అక్షరం లేదు. హైమన్‌డార్ఫ్ భార్య 1987లో హైదరాబాద్‌లో చనిపోతే ఆమెని మార్లవాయిలోనే పూడ్చారు. ఆ ఊరితో వాళ్ళకున్న సంబంధం అలాంటిది.

జీవో 3 సంగతి

మన వైపు ఏజెన్సీకి వద్దాం. 1986 నవంబరులో జీవో 275 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులు ఎస్టీలకే అని. రాజ్యాంగం ఐదో షెడ్యూలు గవర్నరుకి ఇచ్చిన అధికారంతో తెచ్చారు. 1989లో ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. మళ్ళీ 2000 జనవరి 10న జీవో 3 తెచ్చారు. టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఎస్టీలకే, అందులో మూడో వంతు ఆడవాళ్ళకి. కారణం జీవోలోనే రాశారు: ఏజెన్సీలో టీచర్లు బడికి రాకపోవడం. కింద పట్నంలో కాపురం పెట్టుకుని, వారానికోసారి వచ్చి సంతకాలు పెట్టి పోయే టీచర్ల కథలు మన పెద్దోళ్ళని అడిగితే చాలా చెప్తారు.

2001లో హైకోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు తీర్పుతో దాన్ని నిలబెట్టింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో జస్టిస్ అరుణ్ మిశ్రా నాయకత్వంలో ఐదుగురు జడ్జిల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. చేబ్రోలు లీలాప్రసాదరావు కేసు అంటారు. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధం, 1992 ఇంద్రా సహానీ తీర్పులో పెట్టిన 50 శాతం గీత దాటకూడదు అన్నారు. గిరిజనులకి గిరిజనులే చెప్పాలనడం తప్పు ఆలోచన అని గట్టిగానే అన్నారు. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళని మాత్రం, రెండు రాష్ట్రాలూ ముందు ముందు హద్దు దాటకూడదన్న షరతుతో, కదపలేదు.

ఇక్కడ మన మధ్య ఒక మాట ఉంది, దాచకుండా మాట్లాడుకుందాం. నేను మైదానం ఎస్టీని. కొల్లేరు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. జీవో 3 ఉన్నప్పుడు కూడా నాకు దానితో పనిలేదు, మాకు రాష్ట్రమంతా ఉన్న 6 శాతమే. జీవోలో స్థానికులు అంటే 1950 జనవరి 26 నుంచి వాళ్ళో, వాళ్ళ తల్లిదండ్రులో ఆ ప్రాంతంలోనే ఉంటూ ఉండాలని రాశారు. అందువల్ల తర్వాత వచ్చి స్థిరపడిన ఎస్టీలకి కూడా చోటు లేకపోయింది. ఇది సరికాదని తీర్పులో కూడా ఉంది. ఒకప్పుడు నేను కూడా "పోతే పోయింది, మాకేం వచ్చింది" అనుకున్నదాన్ని. మా రూమ్మేట్‌ని చూశాక ఆ మాట అనడం మానేశాను.

మార్కులకి అందనిది

మా రూమ్మేట్ బుట్టాయిగూడెం వైపు కోయ పిల్ల. తనకి 68 శాతం. గౌరవ మండలి ఫారం తనకి రాలేదు. కానీ ఎండాకాలం సెలవుల్లో తను ఏం చేస్తుందో నేను వాళ్ళ ఊరెళ్ళి చూశాను. చింతచెట్టు కింద పదిహేను మంది చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి లెక్కలు చెప్తుంది. ముందు కోయలో, తర్వాత తెలుగులో. ఒక పిల్లోడు బడిలో ఏడాదంతా నోరు విప్పలేదంట. మొద్దు అని వాడిని వెనక బెంచీలో కూర్చోబెట్టేశారు. తను కోయలో అడిగితే వాడు ఇరవై దాకా గడగడా కూడికలు చెప్పాడు. వాడికి లెక్కలు వచ్చు, లెక్క అడిగిన భాష రాదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో బహుభాషా విద్య అని మొదలుపెట్టి, కోయ, గోండి, సవర, కువి, కొండ, కొలామి, లంబాడ, ఆదివాసీ ఒరియా, మొత్తం ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు. మార్లవాయిలో 60 ఏళ్ళ కిందట చేసిందే మళ్ళీ చేశారన్నమాట. మా ఎరుకల భాష అందులో లేదు. మా మామ్మా తాతా మాట్లాడుకుంటారు, నాకు సగమే వచ్చు, మా తమ్ముడికి అసలు రాదు.

పుస్తకం ఉంటే సరిపోదు, దాన్ని పిల్లాడి నోటితో చదివించే మనిషి కావాలి. ఆ మనిషి గిరిజనే అయి తీరాలని నేనను. కింద నుంచి వచ్చి, భాష నేర్చుకుని, ఊళ్ళో ఉండి చెప్పిన టీచర్లు ఉన్నారు. నాకు ఆరో తరగతిలో అక్షరాలు మళ్ళీ దిద్దించిన మేడం గారు గిరిజనురాలు కాదు. ఆవిడ లేకపోతే నేను ఇక్కడ లేను. కానీ ఊళ్ళో ఉండే టీచర్, పిల్లల భాష తెలిసిన టీచర్ అన్నదానికి మార్కు ఎక్కడ వేస్తారు? జీవో 3 మొరటుగానో, తప్పుగానో ఆ మార్కు వేసింది. అది పోయాక దాని బదులు ఏం పెట్టాలో ఇంకా తేల్చలేదు. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు ఏజెన్సీలో మళ్ళీ అదే కేక వినబడింది. అది ఒట్టి ఉద్యోగాల గొడవ కాదు. ఆ పిల్లోడిని మొద్దు అనకుండా ఆపే మనిషి ఎవరు అన్న గొడవ.

గౌరవ మండళ్ళతో నాకున్న పేచీ కూడా ఇదే. మార్కులు చూడొద్దని కాదు. పాఠం చెప్పేవాడికి పాఠం రావాలి, అందులో అనుమానం లేదు. కానీ మార్కులు మాత్రమే చూస్తే నా పేరు లోపల ఉంటుంది, నాకన్నా మంచి టీచర్ బయట ఉంటుంది.

మరి చేరాలా వద్దా

ఈ మాట రూమ్మేట్‌తో అంటే అది కోప్పడింది. "నువ్వు మానేస్తే నాకేమన్నా వస్తదా? ఇద్దరం బయటే ఉంటాం. నువ్వు ఎళ్ళి లోపల్నించి అడగవే" అంది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో మూటలు మోసే మా మావయ్య ఫోన్లో "మూడొందలేగా, నేనిస్తాను, కార్యక్రమానికి నేనూ వస్తాను, ఫొటో తీయించుకుందాం" అన్నాడు. తాత మాత్రం ఇంకోసారి అడిగాడు, ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉంటదని. "మా దగ్గరే తాతా, మేమే రాసుకుంటాం" అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే రాయించుకో" అన్నాడు.

చేరాను. ఆ రెండొందల మాటల్లో ఇలా రాశాను. నేను ఎరుకల పిల్లని. ఎరుక అంటే తెలుగులో తెలివిడి, జ్ఞానం. మా మామ్మ సోది చెప్పేది, అందరూ నవ్వేవాళ్ళు కానీ కష్టం వస్తే ఆవిడ దగ్గరకే వచ్చేవాళ్ళు. మా ముత్తాత పేరు 1911 చట్టం కింద పుస్తకంలో ఉండేది, రాత్రిళ్ళు హాజరు పలికేవాడు. నేను టీచర్ అయి పొద్దున్నే హాజరు పిలవాలనుకుంటున్నాను, పిలిచిన ప్రతి పిల్లాడి పేరూ వాళ్ళ ఇంట్లో పలికినట్టే పలకాలనుకుంటున్నాను. కింద ఇంకో లైను చేర్చాను: సెలవుల్లో ఊళ్ళో పిల్లలకి చదువు చెప్పిన పనిని కూడా అర్హతగా తీసుకోవాలని నా మనవి. లెక్చరర్ గారు చదివి, "రూలు రూలే, కానీ మొదటి మీటింగ్‌లో నువ్వే లేచి అడుగు" అన్నారు. అడుగుతాను. ఏం జరిగిందో ఇక్కడే రాస్తాను, కాదన్నా రాస్తాను.

మీకు నేను చెప్పేది రెండు మాటలు. ఒకటి, ఎక్కడైనా మిమ్మల్ని పిలిస్తే వెళ్ళండి. అది మనది కాదని మొహమాటపడొద్దు. ఫీజు ఎంత, ఎవరు నడుపుతున్నారు, లెక్కలు ఎవరు చూస్తారు అన్నది మాత్రం మా తాతలాగా అడిగి సంతకం పెట్టండి. రెండు, పిలుపు కోసం కూర్చోవద్దు. 1923లో ఆ నల్లజాతి టీచరమ్మలు కూర్చోలేదు. మనం కూడా ఒక నోటుబుక్కు తెరుద్దాం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కోట రామచంద్రపురం హాస్టళ్ళలో ఎవరు ఏ ఆదివారం ఏ పిల్లలకి ఏం చెప్పారో అందులో రాద్దాం. మార్కులు అడగం. మా రూమ్మేట్ పేరు మొదటి పేజీలో ఉంటుంది, తను ఒప్పుకుంది.

రాసేవాళ్ళు కింద మీ ఊరు, మీ భాష, ఏ సబ్జెక్టు చెప్పగలరో పెట్టండి. మీ ఇళ్ళల్లో పెద్దోళ్ళు ఆ పాత హాజరు పుస్తకాల గురించి ఏమైనా చెప్పి ఉంటే, వాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. నేను రాసిన దాంట్లో తప్పులుంటే పెద్దవాళ్ళు చెప్పండి, దిద్దుకుంటాను.

మెస్ బెల్ కొట్టారు. ఉంటాను.